కుదురు లేని ఇంటి సర్వర్: తప్పు ఎక్కడ వెతకాలి?

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, పొలం దస్తావేజుల స్కాన్లు, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు పంపిన ఫైళ్లు ఒకప్పుడు బీరువాలో సీడీల కట్టలుగా ఉండేవి. ఇప్పుడు నాయుడుపేటలాంటి ఊళ్లలోనూ వాటికోసం ఇంట్లో ఒక మూలనో, ఫొటో స్టూడియో వెనక గదిలోనో చిన్న స్టోరేజీ సర్వర్ పెట్టుకుంటున్నారు. కొందరు సైనాలజీ, క్యూనాప్ వంటి కంపెనీలు అమ్మే రెడీమేడ్ పెట్టెలు కొంటారు. మరికొందరు పాత డెస్క్‌టాప్‌లో నాలుగు హార్డ్ డిస్కులు బిగించి, ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి నడుపుకుంటారు.

కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత మొదలవుతుంది తంటా. రాత్రి బాగున్న పెట్టె తెల్లారేసరికి హ్యాంగ్ అయి ఉంటుంది. పెద్ద ఫైలు కాపీ చేస్తుంటే సగంలో రీస్టార్ట్ అవుతుంది. ఒక డిస్కు ఉన్నట్టుండి జాబితాలోంచి మాయమై, ఆపి మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు తిరిగొస్తుంది. పూర్తిగా చెడిపోయిన యంత్రం కన్నా ఇలా తడబడే యంత్రమే ప్రమాదకరం. చెడిపోయినదాన్ని పక్కన పెట్టేస్తాం. తడబడేదాన్ని మాత్రం నమ్ముతూ, విలువైనవన్నీ అందులోనే దాస్తూ పోతాం.

దీనికి కారణం ఏమిటని అడిగితే డిస్కు అమ్మేవారు డిస్కు అంటారు, సాఫ్ట్‌వేర్ తెలిసినవారు అప్‌డేట్ అంటారు, ఎలక్ట్రీషియన్ కరెంటు అంటాడు. పెద్ద కంపెనీల యంత్రాలపై జరిగిన అధ్యయనాలు, తయారీదార్లు బహిరంగంగా ఒప్పుకున్న లోపాలు, మన ప్రాంతపు కరెంటు, వాతావరణం అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిన మాట ఇది: తప్పును కింది నుంచి పైకి వెతకాలి. ముందు కరెంటు, తర్వాత కనెక్షన్లు, వేడి, మెమొరీ. ఆ తర్వాతే డిస్కు, చివరికి సాఫ్ట్‌వేర్. మనం మాత్రం దాదాపు ఎప్పుడూ దీన్ని తిరగేసి చేస్తున్నాం. ఆ తిరగేసిన వరుసలోనే డేటా పోతోంది.

డిస్కు మీద నింద

సర్వర్ మొరాయించిందని షాపుకు తీసుకెళ్తే, "అన్నా, డిస్కు పోయినట్టుంది, కొత్తది ఏసేద్దాం" అన్న మాట ముందుగా వినబడుతుంది. అనుమానం అర్థం లేనిదేమీ కాదు. నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతూ, పలకకు తగలకుండా గాలిలో తేలే తల మీద ఆధారపడిన వస్తువు అది. ఎప్పటికైనా పోయేదే. అయితే ఇప్పుడు పోయిందా లేదా అని చెప్పడానికి ఆధారాలున్నాయి.

గూగుల్ ఇంజనీర్లు పినైరో, వెబర్, బరోసో 2007లో లక్షకు పైగా డిస్కులను పరిశీలించిన అధ్యయనం ప్రచురించారు. మొదటి స్కాన్ ఎర్రర్ కనబడిన డిస్కు, ఎర్రర్ లేనిదానికన్నా 39 రెట్లు ఎక్కువగా ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం ఉందని అందులో తేలింది. అదే అధ్యయనంలో మరో సంగతీ ఉంది: పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, ముఖ్యమైన నాలుగు హెచ్చరిక సంకేతాలలో ఒక్కటీ చూపలేదు. అంటే డిస్కు తన గురించి తాను రాసుకునే స్మార్ట్ నివేదికలో చెడ్డ సంఖ్య కనబడితే నమ్మి తీరాలి. మంచి సంఖ్య కనబడితే మాత్రం దాన్ని హామీగా తీసుకోకూడదు.

ఆ నివేదికలో అందరూ చూడాల్సిన వరుసలు నాలుగు. 5వ వరుస, పాడై పక్కన పెట్టేసిన సెక్టార్ల లెక్క. 197, చదవలేక అనుమానంలో ఉంచినవి. 198, పరీక్షలో చదవలేనివని తేలినవి. ఈ మూడూ పెరుగుతుంటే డిస్కు మార్చాల్సిందే. 199వ వరుస మాత్రం వేరే కథ చెబుతుంది. అది డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో చెడిపోయిన సమాచారం లెక్క. దోషం సాధారణంగా కేబుల్‌దే.

నాయుడుపేటలోనే ఒక ఫొటో స్టూడియోలో ఈ తేడాను కళ్లారా చూశాను. నాలుగు డిస్కుల పెట్టె, అందులో మూడోది తరచూ రాలిపోతోంది. అప్పటికే డిస్కు ఒకసారి మార్చారు. కొత్తదీ అదే చోట రాలిపోయింది. నివేదిక తెరిస్తే 5, 197 వరుసల్లో సున్నా. 199వ వరుసలో వందలు. పెద్ద వీడియో కాపీ చేస్తుండగా చూస్తే ఆ అంకె మా కళ్లముందే పెరిగింది. పక్క మూత విప్పితే ఎర్ర సాటా కేబుల్ మూతకు ఒరుసుకుని మడతపడి ఉంది. కొసన పట్టి ఉంచే ఇనుప క్లిప్పు కూడా లేదు. క్లిప్పున్న కొత్త కేబుల్ వేశాక అంకె అక్కడే నిలిచిపోయింది. ఈ లెక్క ఎప్పటికీ సున్నాకు తిరిగిరాదు. కాబట్టి చూడాల్సింది అంకె ఎంత ఉందని కాదు, ఇంకా పెరుగుతోందా అని. కేబుల్ ధరతో పోయేదానికి డిస్కు ధర పెట్టారు. అది చాలదన్నట్టు, ఆరోగ్యంగా ఉన్న పాత డిస్కును పారేశారు.

డిస్కు మంచిదే అయినా పనికి తగనిది కావచ్చు. డెస్క్‌టాప్ కోసం చేసిన డిస్కు ఒక సెక్టార్ చదవలేకపోతే నిమిషమో అంతకన్నా ఎక్కువో పట్టువదలకుండా ప్రయత్నిస్తుంది. లినక్స్ మామూలుగా 30 సెకన్లు చూసి, జవాబు లేదని డిస్కును రీసెట్ చేస్తుంది. దాంతో డిస్కులన్నిటినీ కలిపి నడిపే రెయిడ్ దాన్ని పోయిందని వెలివేస్తుంది. ఇలాంటి స్టోరేజీ సర్వర్ల (నాస్) కోసం చేసిన డిస్కులు సుమారు 7 సెకన్లకే ఓటమి ఒప్పుకుంటాయి. చదవలేని భాగాన్ని మిగతా డిస్కుల నుంచి తెచ్చుకోవడం రెయిడ్ పని. వీలున్న డిస్కులకు ఈ గడువును 7 సెకన్లకు మార్చాలి. వీలులేని వాటికి లినక్స్ ఓపికను 180 సెకన్లకు పెంచాలి. ఈ చిన్న మార్పు చేయక వెలివేతకు గురైన డిస్కులు ఎన్నో.

ఇంకొకటి రాత విధానం. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు ఒకదానిపై ఒకటి కొంత కప్పుకుని ఉంటాయి. ఒకచోట తిరగరాయాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. రెయిడ్ పునర్నిర్మాణంలాంటి ఎడతెగని రాత వేళ ఇవి చతికిలబడతాయి. నాస్ కోసమని అమ్మిన తన రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టెరాబైట్ల డిస్కులు ఈ పద్ధతివేనని వెస్టర్న్ డిజిటల్ 2020 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. ఆ తర్వాతే పాత పద్ధతి డిస్కులకు రెడ్ ప్లస్ అన్న పేరు వచ్చింది. కొనేముందు మోడల్ నంబరు చూసి ఈ సంగతి తేల్చుకోవాలి.

కరెంటు దగ్గర మొదలుపెట్టాలి

మన ఇళ్లలో సర్వర్ తడబాటుకు నేను మొట్టమొదట అనుమానించేది కరెంటును. కంప్యూటర్ సామాన్లు అమ్మేచోట దీని మాటే రాదు. మన విద్యుత్ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ లైన్లో 230 వోల్టులు రావాలి. వేసవి సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి మొదలైనప్పుడు, ఊరి చివర మోటార్లు ఆన్ అయినప్పుడు ఇంటి చివరి ప్లగ్గులో వోల్టేజీ ఎంతకు దిగుతుందో మల్టీమీటరుతో చూస్తే గానీ తెలియదు. ఫ్యాను నెమ్మదిస్తుంది, అంతే. సర్వర్‌కు ఆ వెసులుబాటు లేదు.

కంప్యూటర్‌కు లోపల కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్, కరెంటు తెగిన తర్వాత తన కెపాసిటర్లలో ఉన్న శక్తితో సుమారు 16 మిల్లీసెకన్లు బండి లాగాలని ఏటీఎక్స్ ప్రమాణం చెబుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక పూర్తి ఆవృతి 20 మిల్లీసెకన్లు. అంటే ఒక ఆవృతి పూర్తయ్యేలోపే ఇన్వర్టర్ బ్యాటరీకి మారాలి. ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతోంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్, నార్మల్ అని రెండు స్థానాల స్విచ్ ఉంటుంది. ఫ్యాన్లకూ లైట్లకూ చాలునని నార్మల్‌లో వదిలేస్తారు. ఆ స్థితిలో ఇన్వర్టర్ తక్కువ వోల్టేజీని కూడా చాలాసేపు ఓర్చుకుంటుంది, మారేటప్పుడు ఆలస్యం చేస్తుంది. కరెంటు పోయిన ప్రతిసారీ కాకుండా కొన్నిసార్లే సర్వర్ రీస్టార్ట్ అవుతుంటే ఈ స్విచ్‌ను ముందు చూడాలి. చదరపు తరంగం ఇచ్చే చవక ఇన్వర్టర్లతో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న నేటి ఎస్‌ఎంపీఎస్‌లకు పొసగదు. సైన్ వేవ్ ఇన్వర్టరే కావాలి.

నిరుడు తట్టుకున్న యంత్రం ఈ ఏడు ఎందుకు తట్టుకోలేకపోతోందన్న ప్రశ్నకూ జవాబు ఎస్‌ఎంపీఎస్‌లోనే ఉంది. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సుమారు సగమవుతుంది. అది ఎండిపోయేకొద్దీ ఆ 16 మిల్లీసెకన్లు తరిగిపోతాయి. పైగా పాత డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్ ఒక డిస్కును దృష్టిలో పెట్టుకుని చేసింది. మూడున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల లైన్‌పై సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు ఒకేసారి లేస్తే దాదాపు వంద వాట్లు అదనం. ఆన్ చేసినప్పుడే ఒక డిస్కు కనబడకపోతే కారణం ఇదే కావచ్చు. రాస్‌ప్‌బెర్రీ పైతో పని కానిచ్చేవారికీ ఇదే నియమం వర్తిస్తుంది. 5 వోల్టుల సరఫరా 4.63కు పడితే అది తక్కువ వోల్టేజీ అని లాగ్‌లో రాస్తుంది. ఆ సందేశం ఉండగా డిస్కును తిట్టి లాభం లేదు.

ఎర్తింగ్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. క్యాబినెట్ ఇనుమును ముట్టుకుంటే చేయి జివ్వుమందంటే ఎర్తింగ్ లేనట్టే. బొగ్గూ ఉప్పూ వేసిన గుంట ఏళ్ల తరబడి ఎండిపోతే ఉన్నా లేనట్టే లెక్క. ఎలక్ట్రీషియన్‌తో దాన్ని పరీక్ష చేయించడం సర్వర్ కన్నా ముందు ఇంట్లోవాళ్ల ప్రాణాలకు అవసరం. ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం ఎవరూ సొంతంగా విప్పకూడదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా అందులో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

వేడి, తేమ, చిలుము

మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, ఏడాది పొడవునా సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి: నెల్లూరు తీరంలో సర్వర్ బతకాల్సిన వాతావరణం ఇది. వేడి డిస్కులను వెంటనే చంపేస్తుందన్న నమ్మకాన్ని గూగుల్ అధ్యయనం పెద్దగా సమర్థించలేదు. మరీ ఎక్కువ వేడిలో, మరీ పాతబడ్డ డిస్కుల్లోనే ఆ సంబంధం కనబడింది. వేడి ముందు దెబ్బతీసేది ఎస్‌ఎంపీఎస్‌ను, డిస్కులను బోర్డుకు కలిపే కంట్రోలర్ కార్డును. పెద్ద సర్వర్ల నుంచి తీసిన సెకండ్‌హ్యాండ్ ఎల్‌ఎస్‌ఐ కార్డులు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చుకుని వాడేవారున్నారు. అవి హోరుమనే ఫ్యాన్ల గాలికి తయారైనవి. గాలి ఆడని డెస్క్‌టాప్‌లో అవి సలసల కాగి, ఒక్కసారిగా అన్ని డిస్కులనూ వదిలేస్తాయి. గుర్తుపట్టడం తేలిక: ఒక డిస్కే మాయమైతే దాని కేబులో అదో అనుమానితులు. ఒకే కార్డు మీదున్నవన్నీ కలిసి మాయమైతే కార్డో కరెంటో.

తేమ పని మరీ నెమ్మది. ర్యామ్ కాళ్లపైనా సాటా కనెక్టర్లలోనూ కంటికి కనబడని పొర పేరుకుంటుంది. వర్షాకాలంలో ఆన్ కాని కంప్యూటర్ ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగిస్తే లేచి కూర్చోవడం మన మెకానిక్కులందరికీ తెలుసు. అది పనిచేయడమే రోగం కాంటాక్టులో ఉందనడానికి సాక్ష్యం. రబ్బరు పొడి స్లాటులో పడకుండా చూసుకోవాలి. పెట్టెను కిటికీ పక్కన, నేల మీద పెట్టకూడదు. దుమ్ము దులపడంతో పాటు లోపల చీమలు, బల్లులు చేరకుండా ఖాళీ స్లాట్లు మూయాలి.

మెమొరీ చేసే మోసం

డిస్కు పోతే తెలుస్తుంది. ర్యామ్‌లో ఒక బిట్టు తారుమారైతే తెలియకుండానే తప్పు సమాచారం డిస్కుపైకి ఎక్కుతుంది. ష్రోడర్, పినైరో, వెబర్ 2009లో గూగుల్ సర్వర్లపై చేసిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా ర్యామ్ కడ్డీల్లో ఎర్రర్లు కనబడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం అంతరిక్ష కిరణాల్లాంటి యాదృచ్ఛిక కారణాల వల్ల కాక, ర్యామ్‌లోని శాశ్వత లోపాల వల్లే వచ్చి ఉంటాయని పరిశోధకులు భావించారు. అలాంటి లోపమైతే పరీక్షతో పట్టుకోవచ్చు. ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86+ నడిపితే చాలా లోపాలు బయటపడతాయి. అయితే అందులో నెగ్గినంత మాత్రాన ర్యామ్ నిర్దోషి అని తీర్పు రాయలేం. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌ను ముందు ఆపేయాలి. స్టోరేజీ సర్వర్‌కు ఆ వేగంతో పని లేదు.

ఈసీసీ ర్యామ్ తప్పనిసరా అన్నది ఈ రంగంలో ఎడతెగని వాదం. ప్రతి 64 బిట్లకూ మరో 8 బిట్లు చేర్చి, ఒక బిట్టు తప్పును దిద్దడం, రెండు బిట్ల తప్పును పట్టుకోవడం దాని పని. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడితే అది లేకుండా కుదరదనే ప్రచారం ఉంది. ఆ ఫైల్ సిస్టమ్ రూపకర్తల్లో ఒకరైన మాథ్యూ అహ్రెన్స్ మాత్రం, ఇతర ఫైల్ సిస్టమ్‌ల కన్నా జెడ్‌ఎఫ్‌ఎస్‌కు దాని అవసరం ప్రత్యేకంగా ఏమీ లేదని స్పష్టం చేశారు. నా దృష్టిలో ఈసీసీ గొప్ప మేలు చేసేది తప్పు దిద్దడంలో కన్నా తప్పు జరిగిందని లాగ్‌లో రాయడంలో. కొత్తగా కొనేవారు అది ఉన్న బోర్డు కొనడం మంచిది. ఉన్న యంత్రంతో సరిపెట్టుకునేవారికి జెడ్‌ఎఫ్‌ఎస్ చెక్‌సమ్‌లే పెద్ద అండ. చెక్‌సమ్ ఎర్రర్లు ఒకే డిస్కులో ఉంటే డిస్కు దారిని, అన్ని డిస్కుల్లోనూ ఒకేలా చెల్లాచెదురుగా ఉంటే ర్యామ్‌నో కరెంటునో పట్టుకోవాలి.

పని లేనప్పుడు ఆగిపోయే యంత్రం

ఎక్కువ పని పెట్టినప్పుడు పడిపోతే కరెంటూ వేడీ అనుమానితులు. ఏ పనీ లేక ఊరికే ఉన్నప్పుడు హ్యాంగ్ అయితే ప్రాసెసర్ నిద్రపోయే తీరును చూడాలి. ఇంటెల్ బే ట్రెయిల్ చిప్‌లు లినక్స్‌లో లోతైన నిద్రలోకి వెళ్లి లేవలేకపోయేవి. నిద్రను పైస్థాయికే పరిమితం చేయడం చాలామందిని గట్టెక్కించింది. 2017లో వచ్చిన మొదటి తరం రైజెన్‌లోనూ ఇదే గొడవ. బయాస్‌లో ఎస్‌ఎంపీఎస్ ఐడిల్ కరెంటును టిపికల్ అని మార్చుకోవడం దానికి ఉపాయం. అదే ఏడాది ఇంటెల్ తన ఆటమ్ సీ2000 చిప్‌లో క్లాక్ సంకేతం కాలక్రమంలో క్షీణిస్తుందని ప్రకటించింది. ఎన్నో నాస్ పెట్టెలు, నెట్‌వర్క్ పరికరాలు ఆ చిప్‌తోనే నడిచేవి. అలాంటి పెట్టెను ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఫలితం ఉండదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ తిరగేసే ముందు మన బోర్డు, చిప్, బయాస్ వెర్షన్ల పేర్లతో తెలిసిన లోపాలు ఏవైనా ఉన్నాయేమో వెతకడం సగం శ్రమ తగ్గిస్తుంది.

ఆధారం మిగలాలి

2021 ఆగస్టు 12న మన పక్కనే శ్రీహరికోట నుంచి లేచిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10లో క్రయోజెనిక్ దశ మండలేదు. రాకెట్ చేతికి దొరకదు, విప్పి చూడటానికి వీల్లేదు. అయినా ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి తగ్గిందని, ఒక వాల్వు లీకే దానికి మూలమని ఇస్రో కమిటీ తేల్చగలిగింది. ప్రయాణమంతా కొలతలు నేలకు చేరుతూ ఉండటమే దానికి కారణం. సర్వర్ విషయంలోనూ పడిపోయిన తర్వాత కాదు, పడకముందే రికార్డు మొదలవ్వాలి.

లినక్స్‌లో జర్నల్ అనే లాగ్ రీస్టార్ట్ తర్వాతా మిగిలేలా ఒక ఫోల్డర్ ఏర్పాటు చేసుకోవాలి. కిందటి బూట్‌లోని చివరి పంక్తులు చదవాలి. లాగ్ మాట మధ్యలో తెగినట్టు ఆగిపోతే కరెంటో హార్డ్‌వేరో. కెర్నల్ ఎర్రర్ రాసి ఆగితే డ్రైవర్ లేదా ర్యామ్. లాగ్ రాసుకునే డిస్కే మాయమైతే ఆ రాతా మిగలదు. అందుకే దాన్ని ఇంట్లో ఇంకో కంప్యూటర్‌కు పంపే ఏర్పాటు మేలు. తారీకులనూ గమనించాలి. డెబియన్, ఉబుంటుల్లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ తనిఖీ నెలలో మొదటి ఆదివారం, జెడ్‌ఎఫ్‌ఎస్‌లో స్క్రబ్ అనే తనిఖీ రెండో ఆదివారం దానంతటదే మొదలవుతుంది. ఆ రోజే సర్వర్ పడిపోతుంటే అన్ని డిస్కులూ కలిసి పనిచేసే భారాన్ని ఏదో తట్టుకోలేకపోతోందని అర్థం. స్క్రబ్‌ను ఆపేయడం పరిష్కారం కాదు. అది బయటపెట్టిన బలహీనతను వెతకాలి.

వెతికే వరుస

మొదట నకలు తీయాలి. మిగతా పనులన్నీ ఆ తర్వాతే. తడబడే యంత్రంపై రెయిడ్ పునర్నిర్మాణం మొదలుపెట్టడం తెగిపోయేలా ఉన్న తాడుతోనే బావి మొత్తం తోడటం లాంటిది. చెడ్డ ర్యామ్ ఉండగా ఫైల్ సిస్టమ్ రిపేరు నడిపితే, బాగున్నదాన్ని కూడా తప్పుగా దిద్దుతుంది. ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రతిపాదించిన రెయిడ్, డిస్కు పోయినా పని ఆగకుండా చూస్తుంది, అంతే. చెరిపేసిన ఫైలునూ, పిడుగుకు మాడిన పెట్టెనూ అది తిరిగి ఇవ్వదు. మూడు నకళ్లు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఊరి బయట అన్న సూత్రానికి పేరు తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. ఫొటో స్టూడియోలకు అంతకన్నా దగ్గరి సలహా లేదు. స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్నవారికి ఊరి బయట నకలు అవసరం వివరించనక్కర్లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నెల్లూరు, తిరుపతి జిల్లాలను ముంచెత్తిన సంగతి మరిచిపోలేదు.

నకలు చేతికొచ్చాక ఒక నోటు పుస్తకం తెరవాలి. తేదీ, సమయం, ఆ సమయంలో సర్వర్ చేస్తున్న పని, కరెంటు పరిస్థితి రాయాలి. తర్వాత ఒకసారికి ఒకే మార్పు: ఇన్వర్టర్ స్విచ్, సరిపోయే ఎస్‌ఎంపీఎస్, క్లిప్పున్న కేబుళ్లు, దుమ్మూ ఫ్యాన్లూ, ర్యామ్ పరీక్ష, డిస్కు పూర్తి స్వీయ పరీక్ష, బయాస్, చివరికి సాఫ్ట్‌వేర్. ప్రతి మార్పు తర్వాత, ఇంతకుముందు ఎన్ని రోజులకు పడేదో అంతకు రెండుమూడింతలు ఆగి చూడాలి. వారానికోసారి పడే యంత్రం రెండు రోజులు నిలబడితే నయమైనట్టు కాదు. నాలుగు భాగాలు కలిపి మార్చేస్తే పని జరగవచ్చు, కానీ దోషి ఎవరో తెలియదు. పాత భాగాల్లో మంచివి కూడా చెత్తలోకి పోతాయి. యూపీఎస్ ఉంటే దాని నుంచి సర్వర్‌కు యూఎస్‌బీ కేబుల్ కలిపి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ దానంతటది పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా చేయడం ఆఖరి పని.

ఇందులో డిస్కు కొనడం కన్నా చవకైన పనులే ముందున్నాయి. ఊళ్లలో రిపేరు చేసే కుర్రాళ్లకు ఈ వరుస నేర్పితే వాళ్ల మాటకు విలువ పెరుగుతుంది. కొనేవారికి డబ్బు మిగులుతుంది. అప్పటిదాకా మనవైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. డిస్కు పోయింది, మార్చాలి అని ఎవరు చెప్పినా, "ఏ వరుసలో ఏ సంఖ్య చూసి చెబుతున్నారు, చూపించండి" అని మర్యాదగా అడగాలి. చూపిస్తే మార్చుకోవాలి. చూపించలేకపోతే డిస్కును చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చుకుని, ముందు ప్లగ్గు దగ్గర వోల్టేజీ కొలవాలి.